రాని రీడింగు

మే 5, సోమవారం
గుజ్జు ఫ్యాక్టరీకి రాస్తున్న ప్రోగ్రాంలో డేటాబేస్ సంగతి తేలింది. స్క్రీన్ల సంగతీ తేలింది. మిగిలింది ఒకటే — మామిడి గుజ్జు కాగే గొట్టాల మీది సెన్సార్లు పంపే రీడింగులను చదివి పెట్టే లైబ్రరీ, అంటే ప్రోగ్రాంలో తగిలించుకునే ముక్క. రెండున్నాయి. ఒకటి రెడీమేడ్, రెండు రోజుల్లో బిగించెయ్యొచ్చు. రెండోదాంట్లో ప్రతిదీ మనమే రాసుకోవాలి, మూడు వారాలు. మునిరత్నం అన్న రెండోదే అంటాడు. తిరుపతి ఆఫీసులో హాస్కెల్ అనే ప్రోగ్రామింగ్ భాష వచ్చినవాళ్లం మేమిద్దరమే. తీర్పు చెప్పడానికి మూడో మనిషి లేడు.

మే 7
అన్న మళ్లీ అదే పాట. "సూడు సుజాతా, రీడింగు రాకపోతే రాలేదని ఒప్పుకునే భాష కావాలనే గదా దీన్ని పట్టుకున్నాం. ఆ రెడీమేడ్ది, రానిదాని స్థానంలో ముందొచ్చిన రీడింగే అంటించేస్తాది."
నిజమే. దాన్ని ఆపే సెట్టింగు ఉంది, తర్వాత చూస్తానన్నాను. తోతాపురి కాయ దిగబోతోంది. ప్లాంటు మేనేజరు రెడ్డెప్ప సార్ రోజూ ఫోను — "సీజను మీ కోసం నిలబడతాదా అమ్మా?"
రెడీమేడ్‌దే. నిర్ణయం నాది.

మే 28
ఫ్యాక్టరీ మొదలైంది. పూతలపట్టు దాటినప్పటి నుంచే ట్రాక్టర్ల వరుస. లోపల ఆవిరి, గొంతు పట్టేసే తీపి వాసన, చెవులు దిబ్బెళ్లు పడే మోత. గుజ్జు కావలసినంత వేడిగా ఉన్నంతసేపు స్క్రీన్ పచ్చగా ఉంటుంది. ఆ పచ్చ చూసే డబ్బాల లాటును పాసు చేస్తారు. సాయంత్రం దాకా పచ్చే. అందరూ మెచ్చుకున్నారు. అన్న మాత్రం స్క్రీన్ మీద వేడిని చూపే గీత ముందే నిలబడి… "గీత మరీ నున్నగా ఉండాది."
నవ్వేశాను.

జూన్ 3
ఆ సెట్టింగు ఇంకా మార్చలేదు.

జూన్ 12
ల్యాబులో కుమారి అక్క పిలిచింది. ప్రతి లాటు నుంచీ రెండు డబ్బాలు వెచ్చటి గదిలో ఉంచి చూస్తారు. ఒక డబ్బా మూత ఉబ్బింది, లోపల గుజ్జు చెడితే అలా ఉబ్బుతుందట. "ఒక్కటే గదా, మూత సరిగా పడలేదేమోలే" — తనే అంది. వేలితో నొక్కి చూపించింది. లోపలికి పోయి, టక్కుమని మళ్లీ పైకొచ్చింది.

జూన్ 14
ఇంకో మూడు. వేర్వేరు లాట్లు.
"గదిలో పెట్టినవి తేలకముందే లారీలు పోతాండాయి," అంది అక్క. "మీ స్క్రీన్ పచ్చగా ఉంటే సాలంట."
మీ స్క్రీన్.

జూన్ 16
పొద్దున్నుంచి సెన్సార్ పంపిన ఫైళ్లూ మా గీతలూ పక్కపక్కన పెట్టుకొని కూర్చున్నాను. గీత నున్నగా ఉన్న ప్రతిచోటా ఫైలు ఖాళీ. ఆవిరికి వైరు తడిసి సెన్సార్ మూగబోతోంది — ఆరు నిమిషాలు, తొమ్మిది, ఒకసారి పదిహేడు. ఆ పదిహేడు నిమిషాలు గుజ్జు ఎంత వేడిగా ఉందో ఎవరికీ తెలియదు. మా ప్రోగ్రాం మాత్రం వేడిగానే ఉందని రాసుకుంటూ పోయింది.
అన్నకు చెప్పాను. "నేను చెప్పలేదా" అంటాడనుకున్నాను. అనలేదు. "అట్లాంటి లాట్లు ఎన్ని?" అన్నాడు.
పద్నాలుగు. తొమ్మిది అప్పుడే గేటు దాటిపోయాయి.

జూన్ 17
సెట్టింగు మార్చాం. ఇప్పుడు రీడింగు రాకపోతే ఎరుపు, లాటు ఆగిపోతుంది. మధ్యాహ్నంలోపే నాలుగుసార్లు ఆగింది.
తొమ్మిది లాట్ల జాబితా రెడ్డెప్ప సార్ చేతికిచ్చాను. చదివాడు. మడిచి జేబులో పెట్టుకున్నాడు.
"ఇది ఎవురికైనా సూపించినావా?"
"వెనక్కి పిలిపించండి సార్."
"బయట ట్రాక్టర్లు సూసినావా? కాయ మాగి కుళ్లిపోతాండాది. రైతులొచ్చి పట్టుకునేది నన్ను, నిన్ను గాదు."
అదీ అబద్ధం కాదు.

జూన్ 18
తిరుపతి ఆఫీసులోనే ఉన్నాను, అన్న ఒక్కడే ఫ్యాక్టరీకి పోయాడు. కుమారి అక్కకు ఫోను చేసి అడిగాను, ఆ గుజ్జు ఎక్కడికి పోతుందని.
"పిల్లకాయలు తాగే జ్యూసులకేమ్మా, ఎక్కువగా."

జూన్ 19
ఫ్యాక్టరీకి వచ్చేసరికి స్క్రీన్ పచ్చగా ఉంది. నిన్న మధ్యాహ్నం నుంచి ఒక్కసారీ ఆగలేదట. వైరు మార్చారా అంటే, లేదు.
అన్న వైపు చూశాను. తల ఎత్తలేదు.
"సార్ పక్కనే నిలబడి పాత సెట్టింగే పెట్టమన్నాడు. పెట్టినాను."
"నువ్వా అన్నా?"
"నేనే."
నిన్న పాసైన డబ్బాలు లారీ ఎక్కేశాయి. గేటు దగ్గరికి పరుగెత్తాను. కాపలా ఉన్న మునెమ్మకు, ఈ లారీని పంపొద్దని చెప్పాను. "ఎవురు సెప్పినారని రాయాల?" అంది. నా పేరే రాయమన్నాను. గేటు వేసేసింది.
ఆమె బల్ల మీదే ఇది రాస్తున్నాను. డ్రైవరు హారన్ మీద నుంచి చెయ్యి తియ్యడం లేదు. రెడ్డెప్ప సార్ ఆఫీసు మెట్లు దిగి వస్తున్నాడు, చెవి దగ్గర ఫోను. ఆయన వెనకాల పది అడుగుల్లో మునిరత్నం అన్న.
ఎవరి పక్కన నిలబడడానికి వస్తున్నాడో…