వారానికో పొట్లం

అత్తిలి,
12-7-2009

కైకలూరు బావగారికి,

క్షేమం అడగడానికి రాయడం లేదండి. మీ తమ్ముడి పెద్దకర్మనాడు మీరు ఏలూరు డాక్టరు గారిని నలుగురిలో తిట్టారు. ఎండలో తిరిగే రైతుకి పనికిరాని డి విటమిన్ రాసి చంపాడన్నారు. జరిగింది అది కాదండి.

ఆయన చీటీలో రెండు మందులున్నాయి. కొలెస్ట్రాల్‌కి రోజూ ఒక మాత్ర, దానికి తోడుగా వారానికో విటమిన్ పొట్లం పాలల్లో. "పొట్లం తోడేనమ్మా, మాత్ర మాత్రం మానకూడదు" అని నాకు రెండుసార్లు చెప్పారు.

మాత్రతో కాళ్లు పీకుతున్నాయని మీ తమ్ముడు మీ రొయ్యల మేత కొట్టుకి వచ్చి అడిగారు. "మాత్ర మానెయ్యరా. రొయ్యలకి మేతలో విటమిన్ కలిపితే కోలుకోవట్లేదూ? నీకూ ఆ పొట్లం చాలు" అన్నారట మీరు. అన్నగారి మాట ముందు నా మాట చెల్లలేదు. ఏడు నెలలు పొట్లం ఒక్కటే తాగారు. వరినారు పోసిన ఆకుమడి గట్టుమీద గుండె ఆగిపోయింది.

మీ చెరువులో నాలుగు రొయ్యలు చచ్చి ఒడ్డుకొస్తే, నీళ్లు సీసాలో పట్టుకుని ల్యాబుకి పరిగెడతారు కదండీ. మీ తమ్ముడికి మాత్రం మీ నోటిమాట సరిపోయిందా?

మీ మరదలు