కొత్త ఆఫీసులో కిటికీ పక్క సీటు

ఏమండీ,

అన్నం హాట్ బాక్సులో ఉంది. పాలు కాచాను, పిల్లి పాలు చేయకండి.

రాజధాని నుంచి మీ ఆఫీసు తరలిపోయి నెల దాటినా, మీరు రోజూ క్యారేజీ పట్టుకుని తాళం పడిన పాత ఆఫీసు ముందే కూర్చుంటున్నారని తెలుసు. అలక తీరితే మీరే కదులుతారని ఊరుకున్నాను. ఇవాళ మీ ఉద్యోగం పోకుండా బతిమాలదామని కొత్త ఊళ్లో సూపరింటెండెంటుగారికి ఫోన్ చేశాను.

“అదేంటమ్మా, మీవారు ఒక్కరోజు కూడా నాగా పెట్టలేదు. ఇదిగో, కిటికీ పక్కనే రాసుకుంటున్నారు. పిలవమంటారా?” అన్నారు.

వద్దన్నాను. మధ్యాహ్నం బస్సుకు వెళ్తున్నాను. అక్కడున్నాయన ఇంటిపనిలో సాయం చేసే రకమైతే నా రాక ఆలస్యం కావచ్చు.

ఇంకో మాట. ఆ సీటు పక్కనే నిలబడి ఇంటికి ఫోన్ చేస్తాను. ఇక్కడ మీరు ఎత్తాలి.