పాప కార్డుల మీద నీ ఫిర్యాదు

డ్యూటీ నుంచి ఆలస్యంగా వచ్చి పడుకున్నావు, లేపబుద్ధి కాలేదు. మొదటి బస్సు నాదే, డిపోకి వెళ్తున్నాను. పాలు కాచి ఉంచాను. పాప క్లిప్పు గట్టిగా పెట్టు, ఊడిపోతోంది.

పదింటికి స్కూల్లో మీటింగు. పిల్లలు బొమ్మల కార్డులు తెచ్చి ఆడుకోవడం, మార్చుకోవడం పూర్తిగా ఆపేస్తారట. నువ్వు వెళ్ళి నీ ఫిర్యాదు వెనక్కి తీసుకో. మన పిల్లని మోసం చేసి మంచి కార్డులు కొట్టేస్తున్నారని హెడ్మాస్టరుగారి మీదికి వెళ్ళావు కదా, ఎవరూ కొట్టెయ్యలేదు. నిన్న పొద్దున బూట్లు తొడుగుతుంటే తనే చెప్పింది. "మంచి కార్డు ఇస్తేనే నాన్నా, అన్నాలప్పుడు నా పక్కన కూర్చుంటారు. పనికిరానిదిస్తే ఎవరు కూర్చుంటారు?" కొత్త స్కూల్లో నోరు విప్పని పిల్ల అందరితో ఎలా కలిసిపోయిందా అని మురిసిపోయాం. ఇలాగన్నమాట.

నిన్ననే స్కూలుకి ఫోన్ చేశాను. నోటీసు అచ్చయిపోయిందట, మీటింగు చదివి వినిపించడానికేనట. అయినా వెళ్ళు. ఏమీ జరగదని నాకూ తెలుసు. నీ మీద కోపం లేదంటే అబద్ధం. ఫిర్యాదు చెయ్యడానికి వెళ్ళేముందు నన్నొక మాట అడగాల్సింది. అడిగినా నేనేం చెప్పేవాణ్ణిలే, నేనూ మోసమనే అనుకున్నాను.

కార్డుల డబ్బా బీరువా మీద పెట్టెయ్యమని తనే తెచ్చిచ్చింది. ఏడవలేదు.

మర్చిపోయాను, బాక్సులో చెంచా ఒక్కటే పెట్టు. పక్కన కూర్చునేవాళ్ళకని రోజూ అడిగి పెట్టించుకునే రెండోది ఇక వద్దంది.