తెల్ల లిల్లీ మీది చుక్క

వదినా,

ఎలా ఉన్నావని అడగను, అడిగితే బాగానే ఉన్నానంటావు. అన్నయ్య పూల ఫోటోల ప్రదర్శన నిన్న మొదలైంది. జనం బాగానే వచ్చారు. కెమెరాలో దొరికిన చివరి ఫోటోని, ఆ తెల్ల లిల్లీని, గ్యాలరీ ఆయన గోడంత చేయించి గుమ్మానికి ఎదురుగా పెట్టాడు.

దాని కాడకి నీలం దారం ఉంది. అన్నయ్యను కాటికి సాగనంపిన రోజు, గుండెల మీద పెడదామని తెచ్చిన పువ్వు కాడ విరిగితే ఆ దారం చుట్టింది నేనే. అంటే ఆ ఫోటో అన్నయ్య తీసింది కాదు. పువ్వు దాచుకుని, అన్నయ్య ఫోటోలు తీసుకునే ఆ గదిలోనే, ఆ కెమెరాతోనే నువ్వు తీశావు. రేకు మీద నీటిచుక్కకి బదులు, ఆరిపోకుండా, అన్నయ్యలాగే గ్లిజరిన్ చుక్క పెట్టావు.

ఆ చుక్కలో గదంతా కనిపిస్తోంది వదినా. కిటికీ, కెమెరా మీదకి వంగిన నువ్వు. నీ పక్కన కుర్చీలో, ఒళ్ళో చేతులు పెట్టుకుని, నువ్వు సరిగ్గా తీస్తున్నావో లేదో చూస్తూ అన్నయ్య.

"ఏదో నీడ పడిందిలెండి" అన్నాడు గ్యాలరీ ఆయన. నేనూ ఔనన్నాను. ఆ ఫోటో గోడమీంచి తీయించెయ్యమంటే తీయించేస్తాను, ఒక్క మాట రాయి.

అన్నయ్య పోయిన కొత్తలో నువ్వా గదిలోంచి వస్తూ తలుపు చప్పుడు కాకుండా వేసేదానివి. ఖాళీ గదికి అంత జాగ్రత్తేమిటని విసుక్కున్నాను. ఈసారి వచ్చినప్పుడు నేనూ అలాగే వేస్తాను.

నీ ఆడపడుచు