ముందు ఏం ముట్టింది

మార్చి 4
రాజవ్వ కొడుకు నరేష్‌కు ఇవాళ పిట్టకు పెట్టారు, కాకి వచ్చి ముడితే పోయినవాడు తిన్నట్టు. జక్రాన్‌పల్లి దగ్గర హైవే మీద బండి పడి... ఇంకా నమ్మలేకపోతున్నాను. మేడ మీద విస్తరి వేశారు. కోడికూర, పెరుగన్నం, అన్నీ వాడికి ఇష్టమైనవే. కాకి రాలేదు. ఎక్కడి నుంచో కోతి దూకి అంతా చిందరవందర చేసింది.
"కోతి తిన్నా లెక్కనే వదినా, చిన్నగున్నప్పుడు వాడు కోతే గదా" అన్నాడు రాజవ్వ మరిది.
ఆమె నవ్వబోయింది. ఆగిపోయింది.

మార్చి 6
భజన మండలి సుగుణక్క ఫోన్. "నువ్వు చదువుకున్నదానివి, నువ్వు చెప్తె రాజవ్వ ఇంటది. జర పోయిరా."
ఎవరింట్లో చావైనా నన్నే పంపుతారు. ఆత్మ, శాంతి, కాలం... మాటలు నోటికి వచ్చేశాయి. నమ్మకమే—

మార్చి 7
వెళ్లాను. వాకిట్లో ఉడకబెట్టిన పసుపు కుప్పగానే ఉంది, ఎండకు పరిచేవాళ్లు లేరు. రాజవ్వ రోజూ వండి మేడ మీద పెడుతోంది. కాకి ముట్టేదాకా తను ముద్ద ముట్టదట. చాయ్, నీళ్లు, అంతే.
"నా మీద అలిగిండు బిడ్డా. పొద్దుగాల పోయేటప్పుడు తిట్టిన."
వాకిట్లో పసుపు ఎండకు పరిచి వచ్చేశాను.

మార్చి 9
రాజవ్వ కళ్లు తిరిగి పడిపోయింది. దవాఖానలో గ్లూకోజ్ ఎక్కించి పంపారు. రాగానే మళ్లీ పొయ్యి దగ్గరే.
విస్తరి నేనే పైకి తీసుకెళ్లాను. ఆకాశం ఖాళీ. కొంత తీసి గోడ అవతల పారేసి దిగాను.
"వచ్చింది రాజవ్వా. తిన్నది."
ఆ మొహం! వెంటనే ముద్ద కలిపింది. నోటిదాకా తెచ్చి ఆగింది.
"ముందుగాల ఏం ముట్టింది?"
"కోడికూర."
ముద్ద కంచంలో పెట్టేసింది.
"మావోడు ముందుగాల పెరుగన్నం తింటడు. చిన్నప్పటి సంది గంతే, అందరం నవ్వేటోళ్లం. గది ఎవరి కాకో బిడ్డా... మావోడు కాదు."

మార్చి 10
నిజం చెప్పేయాలా? చెబితే ఇక నా మాటే వినదు. చెప్పకపోతే — కొడుకు ఆకలితో తిరుగుతుంటే ఎవరో తినిపోయారని...
ఓదార్చడానికి వెళ్లినదాన్ని.

మార్చి 11
మళ్లీ మేడ మీద. దేవుడా, అన్నాను. ఎన్నాళ్లకో. అదీ ఒక కాకి కోసం.
వచ్చింది. గోడ మీద వాలి మెడ వంచి చూసింది. పెరుగన్నం కొంచెం దగ్గరకు జరిపాను. లేచిపోయింది. ఏదీ ముట్టలేదు.
కింద నుంచి — "అచ్చిందా బిడ్డా? ఏం ముట్టింది?"
మెట్ల చివర గోడకు ఆనుకుని కూర్చుంది, ఒళ్లో కంచం. చేతిలో కలిపిన ముద్ద. నా నోటి వైపే చూస్తోంది.
ఏ మాట చెబితే తింటుందో ఇప్పుడు నాకు తెలుసు.