కింది గదికి మారాం

గోదావరిఖని

సంధ్యక్కకు,

కాలు నొప్పి తగ్గిందా అని అడిగావు. తగ్గింది. ఇప్పుడు మెట్లెక్కే పని లేదు. మా తొమ్మిదో తరగతిని కింది గదికి మార్చారు.

పోయిన నెల బడిలో అగ్నిప్రమాదం డ్రిల్లు పెట్టారు. గంట మోగగానే అందరూ పరుగున దిగిపోయారు. చేతికర్రతో నడిచేదాన్ని, నేను పైనే ఉండిపోయాను.

"మూడు నిమిషాల్ల బడి ఖాళీ అయింది, శాబాష్" అన్నారట హెడ్మాస్టరు.

నా పక్కన కూర్చునే సహస్ర, "ఖాళీ కాలే సార్. మా దోస్తు ఇంకా పైన్నే ఉంది" అందట.

మర్నాడు తరగతంతా సంతకాలు చేసి అర్జీ ఇచ్చింది. వారంలో బెంచీలు కిందికి దిగాయి.

నేను ఉండిపోయిన సంగతి బాపుకు చెప్పకు. గనిలో డ్యూటీ చేస్తూ ఫికర్ పడతాడు.

నిన్న మళ్లీ డ్రిల్లు పెట్టారు. ఈసారి నేనూ అందరితో పాటు మైదానంలో నిలబడ్డాను. ఎండ మండిపోతున్నా లోపలికి పోవాలనిపించలేదు.

నీ చెల్లెలు