ఎడమ కాడ

జూన్ 12. ముసురు. కళ్ళజోళ్ళ దుకాణంలోకి వచ్చిన నీళ్ళు తుడిచాను.

బావగారికి,

నిన్న చెల్లి విరిగిన కళ్ళజోడుతో వచ్చింది. వెనకే మీరు ఫోను చేసి, "మీ చెల్లికి కళ్ళు నెత్తిమీదుంటాయి బావా, మళ్ళీ కింద పడేసుకుంది. బాగుచేసి పంపించు" అని నవ్వారు.

కింద పడితే అద్దం గీసుకుపోతుంది. దీని అద్దాలు బాగానే ఉన్నాయి. పోయినసారిలాగే ఎడమ కాడ లోపలికి వంగి విరిగింది. ముఖం మీద ఉండగా దెబ్బ తగిలితే అలా అవుతుంది.

చెల్లిని అడిగాను. "ఇన్నాళ్ళకి అడిగావా అన్నయ్యా" అంది. తర్వాత అంతా చెప్పింది.

తను ఇక ఇక్కడే ఉంటుంది. తీసుకెళ్ళడానికి రావద్దు. ఇప్పుడు ఇద్దరం పోలీసు స్టేషనుకు బయల్దేరుతున్నాం. కళ్ళజోడు బాగుచేయలేదు, ఉన్నదున్నట్టు చూపించాలని తనే అంది. అది లేకపోతే తనకు మెట్లు ఆనవు. చెయ్యి పట్టుకుని దింపాలి.